డిష్-ఫాల్క్ ఫీల్డ్ మీద ఆ రెండు పేర్లు ఎవరివి? టెక్సస్ యూనివర్సిటీ బేస్‌బాల్ కోచ్‌ల గురించి ఒక జవాబు

మీ ప్రశ్నను ముందు క్లుప్తంగా చెబుతాను, కొత్తగా చదివేవాళ్లకు కూడా అర్థం కావాలి. మీ అబ్బాయి ఆస్టిన్‌లోని టెక్సస్ యూనివర్సిటీలో చేరాడు. మీరు చూడ్డానికి వెళ్తే బేస్‌బాల్ ఆటకు తీసుకెళ్లాడు. స్టేడియం పేరు డిష్-ఫాల్క్ ఫీల్డ్. ఇద్దరూ పాత కోచ్‌లని అక్కడ ఎవరో చెప్పారు. ఇంటికొచ్చి వెతికితే డిష్ పేరు పక్కన జాతీయ టైటిల్స్ సున్నా, ఫాల్క్ పక్కన రెండు. వాళ్ల తర్వాత వచ్చినవాళ్లకు కూడా చెరో రెండు ఉన్నాయి. మరి ఒక్కటి కూడా గెలవని ఆయన పేరు అందరికన్నా ముందు ఎందుకుంది, అసలు ఈ కోచ్‌లలో ఎవరు గొప్ప, ఈ మధ్య కోచ్‌లు ఎందుకింత త్వరగా మారుతున్నారు అని అడిగారు.

నేను 2001 నుంచి ఆస్టిన్‌లో ఉంటున్నాను. 2002లో ఆఫీసులో ఒక పెద్దాయన పట్టుబట్టి ఈ స్టేడియానికి తీసుకెళ్లాడు. క్రికెట్ తప్ప ఇంకే ఆటా తెలియని నాకు పక్కన కూర్చోబెట్టుకుని ప్రతి బంతికీ వివరణ ఇచ్చాడు. ఆ ఏడాదే ఈ జట్టు జాతీయ టైటిల్ గెలిచింది. అప్పటినుంచి నాకు వసంతకాలం అంటే ఈ మైదానమే. కాబట్టి జవాబు కొంచెం పొడుగ్గా ఉంటుంది, ఓపిగ్గా చదవండి.

మొదటి ప్రశ్నకు జవాబు చాలా చిన్నది. బిల్లీ డిష్ కోచ్‌గా పనిచేసింది 1911 నుంచి 1939 వరకు. కాలేజీ బేస్‌బాల్ జాతీయ టైటిల్‌ను తేల్చే కాలేజీ వరల్డ్ సిరీస్ మొదలైంది 1947లో. అంటే ఆయన తప్పుకున్నాక ఎనిమిదేళ్లకు. ఆ సున్నాను చూసి ఆయన ఓడిపోయాడని అనుకోకూడదు, ఆయన కాలంలో ఆ పోటీయే లేదు.

అయితే అప్పట్లో గెలవడానికి ఏముండేది? కాన్ఫరెన్స్. కాన్ఫరెన్స్ అంటే ఆ ప్రాంతంలోని కాలేజీలు కొన్ని కలిసి పెట్టుకున్న లీగ్. సౌత్‌వెస్ట్ కాన్ఫరెన్స్ 1914లో ఏర్పడి, 1915లో ఆటలు మొదలుపెట్టింది. రైళ్లలో తిరిగి, ఏడాదికి పాతిక ముప్పై ఆటలు ఆడి, ఆ లీగ్ గెలిస్తే అదే శిఖరం. దాని పైన ఇంకో మెట్టు లేదు. డిష్ జట్లు దాదాపు ఇరవై సార్లు ఆ శిఖరం ఎక్కాయి. ఇరవై తొమ్మిదేళ్ల ఉద్యోగంలో, మొదటి నాలుగేళ్లు ఆ లీగ్ పుట్టకముందువి. అంటే మిగిలిన పాతికేళ్లలో గెలవని సంవత్సరాలను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

ఆయన ఆస్టిన్‌కు కొత్తగా వచ్చినవాడు కూడా కాదు. అదే ఊళ్లోని సెయింట్ ఎడ్వర్డ్స్ కాలేజీలో కోచ్‌గా పనిచేసి, అక్కడినుంచి యూనివర్సిటీకి మారారు. అందరూ 'అంకుల్ బిల్లీ' అనేవారు. అంతకుముందు ఈ జట్టుకు కోచ్‌లు తరచూ వచ్చిపోతుండేవారు. ఒక మనిషి ఒకేచోట ముప్పై ఏళ్లు కూర్చుని జట్టును తయారుచేయడం ఆయనతోనే మొదలైంది.

వాళ్లు ఆడిన మైదానం గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే అలాంటిది ఇప్పుడెక్కడా దొరకదు. దాని పేరు క్లార్క్ ఫీల్డ్. ఆ పేరుతో రెండు మైదానాలుండేవి. రెండోదానిలో 1928 నుంచి 1974 వరకు ఆడారు. అవుట్‌ఫీల్డ్ మధ్యలో, కంచెకు లోపలే, సున్నపురాయి గట్టు ఒకటి నిలువుగా లేచి ఉండేది. గట్టు పైన కూడా మైదానమే, అక్కడ పడ్డ బంతి కూడా ఆటలో ఉన్నట్టే. ఫీల్డర్ ఆ గట్టెక్కి బంతి పట్టుకోవాలి. ఒక పక్కన ఎక్కడానికి వీలుగా చిన్న దారి ఉండేది. దాన్ని మేకల గుట్ట అని పిలిచేవారు. కొందరు ఫీల్డర్లు ముందే గట్టుమీద నిలబడేవారు, ఇంకొందరు కింద ఉండి అవసరమైతే ఎగబాకేవారు. బయటి జట్లకు ఇది పెద్ద టెన్షన్. సొంత జట్టుకు మాత్రం ఏ బంతి ఎటు దొర్లుతుందో రోజూ ప్రాక్టీసులో తెలిసేది. మన ఊళ్లలో రాళ్లూ చెట్లూ ఉన్న గ్రౌండ్‌లో గల్లీ క్రికెట్ ఆడినవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది.

ఇక ఫాల్క్. ఈ మొత్తం కథలో జనం తక్కువగా తలుచుకునేది ఈయన్నే, నాకది చాలా బాధ. బిబ్ ఫాల్క్ 1899లో ఆస్టిన్‌లోనే పుట్టారు. ఇదే కాలేజీలో డిష్ దగ్గర ఆడారు. 1920లో మేజర్ లీగ్ (అమెరికా ప్రొఫెషనల్ బేస్‌బాల్‌లో పై స్థాయి) జట్టు చికాగో వైట్ సాక్స్ ఆయన్ను నేరుగా తీసుకుంది, కింది స్థాయి లీగుల్లో ఒక్క ఏడాది కూడా ఆడనవసరం లేకుండానే. ఆ జట్టు చరిత్ర మీరు వినే ఉంటారు. 1919 వరల్డ్ సిరీస్‌లో, అంటే ప్రొఫెషనల్ జట్ల ఫైనల్‌లో, జూదగాళ్ల దగ్గర డబ్బు తీసుకుని ఓడిపోయారని ఎనిమిది మంది మీద ఆరోపణ వచ్చింది. 1920 సెప్టెంబరు చివర్లో వాళ్లలో అప్పటికీ జట్టులో ఉన్నవాళ్లను పక్కన పెట్టారు, ఆ తర్వాత ఎనిమిది మందినీ జీవితాంతం నిషేధించారు. వాళ్లలో లెఫ్ట్ ఫీల్డర్ జో జాక్సన్ ఆ కాలపు మహా బ్యాటర్లలో ఒకడు. అతని స్థానంలో నిలబడాల్సి వచ్చింది ఇరవై ఒకటీ ఇరవై రెండేళ్ల ఈ ఆస్టిన్ కుర్రాడు. దేశమంతా అసహ్యించుకుంటున్న జట్టులో, దేశమంతా మెచ్చుకున్న ఆటగాడి చోట. 1928 దాకా చికాగోకు, తర్వాత మూడేళ్లు క్లీవ్‌లాండ్‌కు ఆడి, .314 సగటుతో ముగించారు. మన లెక్కలో చెప్పాలంటే, వెయ్యి సార్లు అధికారికంగా బ్యాటింగ్‌కు దిగితే 314 సార్లు హిట్ కొట్టినట్టు, అంటే బంతిని కొట్టి, అవుటవకుండా కనీసం మొదటి బేస్ (పరుగులో చేరాల్సిన గుర్తు) దాకా చేరినట్టు. బేస్‌బాల్‌లో 300 దాటితేనే మంచి బ్యాటర్ అంటారు.

1939 తర్వాత డిష్ ఆరోగ్యం బాగోక తప్పుకుంటే, 1940 నుంచి శిష్యుడు ఫాల్క్ ఆ కుర్చీలోకి వచ్చారు. రెండో ప్రపంచ యుద్ధంలో ఆయన సైన్యంలో ఉన్న మూడేళ్లు, అంటే 1943 నుంచి 1945 వరకు, బ్లెయిర్ చెర్రీ జట్టును చూసుకున్నారు. ఆయన అసలు ఫుట్‌బాల్ మనిషి, తర్వాత ఇదే యూనివర్సిటీ ఫుట్‌బాల్ జట్టుకు హెడ్ కోచ్ అయ్యారు. 1946లో ఫాల్క్ తిరిగొచ్చి 1967 దాకా ఉన్నారు.

ఇప్పుడు ఆ సంవత్సరాలు చూడండి. కాలేజీ వరల్డ్ సిరీస్ 1947, 1948లో మిషిగన్ రాష్ట్రంలోని కలమజూలో జరిగింది. 1949లో కాన్సస్‌లోని విచిటాకు మారింది. 1950 నుంచి నెబ్రాస్కాలోని ఒమాహాకు వెళ్లి, ఈనాటికీ అక్కడే జరుగుతోంది. ఫాల్క్ జట్టు 1949లో విచిటాలో వేక్ ఫారెస్ట్‌ను 10-3తో ఓడించి గెలిచింది. 1950లో ఒమాహాలో వాషింగ్టన్ స్టేట్‌ను 3-0తో ఓడించి మళ్లీ గెలిచింది. వరసగా రెండేళ్లు గెలిచిన మొదటి జట్టు ఇదే. 1950లోనే జిమ్ ఎర్లర్ అనే పిచ్చర్ (మన బౌలర్ లాంటివాడు) టఫ్ట్స్ జట్టుకు ఒక్క హిట్ కూడా ఇవ్వకుండా ఆట మొత్తం వేశాడు. ఆ టోర్నమెంట్ చరిత్రలో అలాంటిది అదే మొదలు.

డిష్ 1953లో చనిపోయారు. అంటే తనకు అందుబాటులోనే లేని టైటిల్‌ను తన శిష్యుడు రెండుసార్లు తెచ్చి చూపించే దాకా ఆయన ఉన్నారు. ఈ తేదీలు పక్కపక్కన పెట్టుకుని చూసిన రోజు నాకు చాలా తృప్తిగా అనిపించింది.

స్వభావంలో మాత్రం ఇద్దరికీ పోలిక లేదు. ఫాల్క్ గొంతు బొంగురు, నోరు పదును. ప్రొఫెషనల్‌గా ఆడేటప్పుడే బెంచీ మీద కూర్చుని ఎదుటి జట్టును కవ్వించడంలో ఆయనకు పేరుంది, దానివల్లే 'జాకీ' అనే ముద్దుపేరు కూడా వచ్చింది. కానీ బ్యాటింగ్ నేర్పడంలో ఆయన్ను మించినవాడు కాలేజీ ఆటలో అప్పట్లో అరుదు. మేజర్ లీగ్‌లో పన్నెండేళ్లు నిలబడి కొట్టినవాడు స్వయంగా పక్కన నిలబడి చేయి సరిచేస్తుంటే ఆ పిల్లలకు ఎంత అదృష్టమో ఆలోచించండి.

ఇక్కడ ఒక విషయం దాటేయకూడదు. ఈ యూనివర్సిటీ డిగ్రీ కోర్సుల్లో నల్లజాతి విద్యార్థులకు ప్రవేశం దొరికింది 1956లో. డిష్ కాలమంతా, ఫాల్క్ కాలంలో చాలా భాగం, టెక్సస్ రాష్ట్రంలో బేస్‌బాల్ ఆడగల కుర్రాళ్లలో ఎంతోమందికి ఈ జట్టు తలుపు మూసే ఉంది. ఎదుటి జట్లూ అలాంటివే. ఆ ఇద్దరి మీద నాకెంత గౌరవమున్నా, ఆ గెలుపుల లెక్క చెప్పేటప్పుడు ఇది కూడా చెప్పాలి.

ఫాల్క్ తర్వాత 1968లో వచ్చినది క్లిఫ్ గస్టఫ్‌సన్. ఈయన కూడా ఇక్కడి విద్యార్థే. ఫాల్క్ దగ్గర ఆడి, 1952లో కాలేజీ వరల్డ్ సిరీస్‌కు వెళ్లిన జట్టులో ఉన్నారు. తర్వాత శాన్ ఆంటోనియోలో ఒక హైస్కూల్ కోచ్‌గా చాలా ఏళ్లు పనిచేసి రాష్ట్ర ఛాంపియన్‌షిప్‌లు గెలిచారు. ఇంత పెద్ద యూనివర్సిటీ ఉద్యోగాన్ని నేరుగా ఒక హైస్కూల్ మాస్టారికి ఇవ్వడం ఈరోజుల్లో ఊహించలేం. ఆయన మొదటి మూడేళ్లూ జట్టును ఒమాహాకు, అంటే కాలేజీ వరల్డ్ సిరీస్‌కు, తీసుకెళ్లారు. 29 సీజన్లలో మొత్తం 17 సార్లు.

గమనించారా, డిష్ కూడా 29 సీజన్లే. గురువుగారి గురువూ, శిష్యుడి శిష్యుడూ సరిగ్గా ఒకే అన్ని సంవత్సరాలు పనిచేశారు. కానీ డిష్ కాలంలో ఏడాదికి పాతిక ముప్పై ఆటలైతే, గస్టఫ్‌సన్ కాలంలో అరవై దాటాయి. 1983లో అయితే ఏకంగా 80 ఆటలు ఆడి 66 గెలిచారు. అందుకే గస్టఫ్‌సన్ గెలుపులు 1,400 దాటాయి. 1996లో తప్పుకునేటప్పటికి పై స్థాయి కాలేజీ బేస్‌బాల్‌లో అందరికన్నా ఎక్కువ గెలిచిన కోచ్ ఆయనే. మొత్తం గెలుపుల సంఖ్యతో ఈ ఇద్దరినీ పోలిస్తే అన్యాయం. శాతం చూడాలి. గస్టఫ్‌సన్‌ది దాదాపు 79 శాతం, అంటే ఐదు ఆటలాడితే నాలుగు గెలవడం. బేస్‌బాల్‌లో ఇది మామూలు విషయం కాదు. ప్రొఫెషనల్ లీగ్‌లో అయితే 60 శాతం గెలిచిన జట్టు ఆ ఏడాది దేశంలోకెల్లా గొప్ప జట్లలో ఉంటుంది.

అల్యూమినియం బ్యాట్లను కాలేజీ ఆటలోకి అనుమతించింది 1974లో. దాంతో స్కోర్లు పెరిగాయి, పిచ్చర్ల పని కష్టమైంది. చాలా జట్లు కొట్టుడు మీదే ఆధారపడ్డ ఆ కాలంలో గస్టఫ్‌సన్ మాత్రం మంచి పిచ్చర్లను తయారుచేయడం మానలేదు. బర్ట్ హూటన్, రోజర్ క్లెమెన్స్, కాల్విన్ షిరాల్డీ, గ్రెగ్ స్విండెల్ ఆయన దగ్గరినుంచి వెళ్లినవాళ్లే. 1975లో 59 ఆటలు గెలిచి ఆరే ఓడి, చివరి ఆటలో సౌత్ కరోలినాను 5-1తో ఓడించి టైటిల్ తెచ్చారు. అదే ఏడాది కొత్త స్టేడియం మొదలైంది. దానికి డిష్-ఫాల్క్ ఫీల్డ్ అని పేరు పెట్టారు. ఫాల్క్ అప్పటికి బతికే ఉన్నారు. తన గురువు పేరు పక్కన తన పేరు చూసుకున్నారు, తన శిష్యుడు అందులో మొదటి ఏడాదే జాతీయ టైటిల్ గెలవడం చూశారు. 1983లో అలబామాను 4-3తో ఓడించిన రెండో టైటిల్ కూడా చూశారు. ఆ చివరి ఆటలో గెలిచిన పిచ్చర్ క్లెమెన్స్. ఫాల్క్ 1989లో, తొంభయ్యో ఏట చనిపోయారు.

మీరు టైటిల్స్ లెక్కతో మొదలుపెట్టారు కాబట్టి ఇంకో సంగతి. 1977లో గస్టఫ్‌సన్ జట్టు వరసగా 34 ఆటలు గెలిచింది. కాలేజీ ఆటలో అంతకన్నా పొడవైన విజయపరంపర ఇంకొకటి లేదు, 1999లో ఫ్లోరిడా అట్లాంటిక్ దానితో సమానం చేసింది. కానీ 1977లో ఈ జట్టు ఒమాహాకే చేరలేదు. 1984, 1985, 1989లో చివరి ఆట దాకా వెళ్లి మూడుసార్లూ ఓడింది. బేస్‌బాల్‌లో ఒక మంచి పిచ్చర్ ఒక సాయంత్రం ఎదురైతే ఎంత గొప్ప జట్టయినా ఓడుతుంది. అందుకే నేను ఏ కోచ్‌నైనా ముందు ఎన్నిసార్లు ఒమాహా చేరాడని చూస్తాను, టైటిల్ ఆ తర్వాత. ఆ లెక్కలో ఫాల్క్ పది, గస్టఫ్‌సన్ పదిహేడు, తర్వాత వచ్చిన గరీడో ఎనిమిది. 2025 దాకా మొత్తం 38 సార్లు చేరిన ఈ జట్టుకు దగ్గరగా ఇంకే కాలేజీ లేని రోజులు చాలానే ఉన్నాయి.

1984 ఫైనల్‌లో ఈ జట్టును 3-1తో ఓడించింది కాలిఫోర్నియాలోని ఫుల్లర్టన్ జట్టు. దాని కోచ్ ఆగీ గరీడో. పన్నెండేళ్ల తర్వాత టెక్సస్ ఆయన్నే తెచ్చుకుంది.

డిష్ శిష్యుడు ఫాల్క్, ఫాల్క్ శిష్యుడు గస్టఫ్‌సన్. 1911 నుంచి 1996 దాకా, యుద్ధకాలపు మూడేళ్లు తీసేస్తే, ఈ కుర్చీ ఒకే పరంపరలో నడిచింది. గరీడో బయటివాడు. కాలిఫోర్నియాలో పుట్టి, అక్కడే ఆడి, ఫుల్లర్టన్ అనే చిన్న కాలేజీని పెద్ద స్థాయికి తీసుకొచ్చి 1979, 1984, 1995లో మూడు జాతీయ టైటిల్స్ గెలిచినవాడు. ఆయన వచ్చిన 1997 సీజన్‌లోనే టెక్సస్ సౌత్‌వెస్ట్ కాన్ఫరెన్స్ వదిలి బిగ్ 12 అనే కొత్త లీగ్‌లో ఆడడం మొదలుపెట్టింది. పాత లీగే మూతపడింది. 1998లో ఈ జట్టు గెలిచినవాటికన్నా ఎక్కువ ఓడింది. నేను అప్పటికి ఇక్కడ లేను గానీ, నాకు ఆట నేర్పిన పెద్దాయన ఆ ఏడాది గురించి చెప్పేవాడు. గ్యాలరీలో పాతవాళ్లు గరీడో బంట్లను చూసి గొణుక్కునేవారట.

బంట్ అంటే బ్యాట్ ఊపకుండా బంతికి అడ్డంగా పెట్టి మెల్లగా ముందు పడేయడం. తను అవుటైనా పర్వాలేదు, బేస్ మీదున్న తన జట్టువాడు ఒక బేస్ ముందుకు జరుగుతాడు. గరీడోకు ఇది చాలా ఇష్టం. పెద్ద షాట్లు అలవాటైన టెక్సస్ జనానికి ఇది పిరికితనంగా కనిపించింది. నేను మొదట్లో వాళ్లతోనే ఏకీభవించాను. తర్వాత అర్థమైంది. మంచి బ్యాటర్ కూడా పదిసార్లలో ఏడుసార్లు విఫలమయ్యే ఆట ఇది. విఫలమైనా జట్టుకు ఉపయోగపడే పని ఒకటి చేయొచ్చని పిల్లలకు నేర్పడం ఆయన పద్ధతి. ఓటమి భయాన్ని ఎలా దాటాలన్నదే ఆయన అన్నిటికన్నా ఎక్కువగా మాట్లాడిన విషయం. 2000లో మళ్లీ ఒమాహా చేరారు, 2002లో సౌత్ కరోలినా మీద, 2005లో ఫ్లోరిడా మీద గెలిచారు. రెండు వేర్వేరు కాలేజీలకు జాతీయ టైటిల్ తెచ్చిన మొదటి కోచ్ ఆయనే. 2003లో గస్టఫ్‌సన్ రికార్డును దాటి, చివరికి 1,975 గెలుపులకు చేరారు.

ఆయన కాలంలో నేను మర్చిపోలేని రాత్రి 2009 మే 30. బోస్టన్ కాలేజీతో ఆట. సాయంత్రం ఆరింటికి మొదలైంది. మామూలుగా తొమ్మిది ఇన్నింగ్స్ (రెండు జట్లూ చెరోసారి బ్యాటింగ్ చేస్తే ఒక ఇన్నింగ్స్). సమానమైతే తేలేదాకా ఆడాలి. పన్నెండయ్యాయి, పదిహేనయ్యాయి, ఇరవయ్యాయి. మా పిల్లలు కుర్చీల్లోనే నిద్రపోయారు. ఆస్టిన్ వుడ్ అనే కుర్రాడు మధ్యలో పిచ్చర్‌గా వచ్చి 13 ఇన్నింగ్స్ వేశాడు, అందులో పన్నెండుకు పైగా ఒక్క హిట్ కూడా ఇవ్వలేదు. 25వ ఇన్నింగ్స్‌లో ట్రావిస్ టక్కర్ కొట్టిన హిట్‌తో 3-2తో గెలిచాం. అర్ధరాత్రి ఒంటిగంట దాటింది, ఏడు గంటల పైన ఆట. కాలేజీ బేస్‌బాల్ చరిత్రలోనే అంత పొడవైన ఆట లేదు.

వుడ్ ఆ రాత్రి 169 బంతులు వేశాడు. ఇప్పటి లెక్కలో వంద దాటితేనే కోచ్‌లు ఆలోచిస్తారు. ఆ రాత్రి నేను కూడా గొంతు పోయేలా అరిచాను, కానీ ఇంటికి వెళ్తూ ఆ కుర్రాడి భుజం గురించి ఆలోచించాను. గరీడో మీద నాకెంత అభిమానమున్నా, అతన్ని అంతసేపు ఉంచాల్సింది కాదని ఇప్పటికీ అనుకుంటాను. ఆ ఏడాది జట్టు ఫైనల్ దాకా వెళ్లి ఎల్‌ఎస్‌యూ (లూసియానా స్టేట్ యూనివర్సిటీ) చేతిలో ఓడింది.

2016లో జట్టు మళ్లీ ఓటములతో ముగిసింది, గరీడో తప్పుకున్నారు. 2018 మార్చిలో 79 ఏళ్లకు చనిపోయారు. 1911 నుంచి 2016 వరకు 106 సీజన్లు, యుద్ధకాలపు చెర్రీని కూడా కలిపితే ఐదుగురే కోచ్‌లు. ఇది గుర్తుపెట్టుకుంటేనే మీ మూడో ప్రశ్న అర్థమవుతుంది.

2017లో డేవిడ్ పియర్స్ వచ్చారు. చాలామంది ఈయన్ను కూడా బయటివాడనే అనుకుంటారు. నిజానికి పాత పరంపర ఇక్కడ చుట్టు తిరిగి మళ్లీ కలిసింది. పియర్స్ హ్యూస్టన్‌లోని రైస్ యూనివర్సిటీలో వేన్ గ్రాహమ్ దగ్గర తొమ్మిదేళ్లు అసిస్టెంట్‌గా పనిచేశారు. గ్రాహమ్ రైస్‌కు 2003లో జాతీయ టైటిల్ తెచ్చిన కోచ్. ఆ గ్రాహమ్ కుర్రాడిగా ఆడింది టెక్సస్‌లో, బిబ్ ఫాల్క్ దగ్గర. ఇంకో ముడి కూడా ఉంది. రోజర్ క్లెమెన్స్ గస్టఫ్‌సన్ దగ్గరికి రాకముందు శాన్ జసింటో జూనియర్ కాలేజీలో ఇదే గ్రాహమ్ దగ్గర ఆడాడు. 2018లో పియర్స్ జట్టును ఒమాహాకు చేర్చిన బ్యాటర్ కోడీ క్లెమెన్స్ ఆ రోజర్ కొడుకే.

అందుకే మీ రెండో ప్రశ్నకు నా ఓటు డిష్‌కే. గెలుపుల శాతంలో గస్టఫ్‌సన్ ముందుంటారు, పేరుప్రఖ్యాతుల్లో గరీడో ముందుంటారు. కానీ డిష్ లేకపోతే ఫాల్క్ లేరు, ఫాల్క్ లేకపోతే గస్టఫ్‌సన్ లేరు, గ్రాహమ్ లేరు. ఆరు జాతీయ టైటిల్స్‌లో నాలుగు నేరుగా ఆయన దగ్గరినుంచి దిగివచ్చినవే, అదీ గాక రైస్ గెలిచింది ఒకటి. స్టేడియం మీద ఆయన పేరు ముందు రాసినవాళ్లకు ఈ సంగతి బాగా తెలుసు.

పియర్స్ ఎనిమిది సీజన్లలో 2018, 2021, 2022లో మూడుసార్లు ఒమాహా చేరారు. 2022లో ఆయన బ్యాటర్ ఇవాన్ మెలెండెజ్ 32 హోమ్ రన్లు (మన సిక్సర్ లాంటివి) కొట్టాడు. అయినా 2024 జూన్‌లో ఆయన్ను తప్పించారు. వెంటనే జిమ్ ష్లాస్‌నాగల్ వచ్చారు. ఆయన వచ్చిన తీరు చూస్తే ఈ కాలం ఎలా మారిందో తెలుస్తుంది. టెక్సస్‌కు పాత ప్రత్యర్థి టెక్సస్ ఎ అండ్ ఎం, అక్కడ మన తెలుగు పిల్లలు కూడా చాలామంది చదువుతున్నారు. ఆయన ఆ జట్టు కోచ్. జూన్ 24న ఫైనల్ మూడో ఆటలో టెనెసీ చేతిలో ఓడారు. టెక్సస్‌కు వెళ్తున్నారా అని విలేకరి అడిగితే కోప్పడ్డారు. మర్నాడే టెక్సస్ ఆయన పేరు ప్రకటించింది. అవతలి అభిమానులకు తగిలిన దెబ్బ చిన్నది కాదు. నేను ఈ జట్టు మనిషిని, అయినా ఆ పద్ధతి నాకు నచ్చలేదు. ఇక్కడి అథ్లెటిక్స్ డైరెక్టర్ క్రిస్ డెల్ కాంటే ఇంతకుముందు టీసీయూ (టెక్సస్ క్రిస్టియన్ యూనివర్సిటీ)లో ఆయనతో కలిసి పనిచేసినవారు, ఆ నమ్మకం కూడా ఇందులో ఉంది.

ఎందుకింత తొందర? మొదటిది, గరీడో బిగ్ 12తో పాటు వచ్చినట్టే ష్లాస్‌నాగల్ కొత్త లీగ్‌తో పాటు వచ్చారు. 2024 జూలైలో టెక్సస్ ఎస్‌ఈసీ (సౌత్‌ఈస్టర్న్ కాన్ఫరెన్స్)లో చేరింది. బేస్‌బాల్‌లో ఇప్పుడు అంతకన్నా గట్టి లీగ్ లేదు, అక్కడ నిదానంగా జట్టు కట్టుకునే సమయం దొరకదని యాజమాన్యం అనుకుంది.

రెండోది, ఆటగాళ్లు. గస్టఫ్‌సన్ కాలంలో కుర్రాడు చేరితే, సాధారణంగా మేజర్ లీగ్ డ్రాఫ్ట్‌కు (ప్రొఫెషనల్ జట్లు కొత్త ఆటగాళ్లను ఎంచుకునే కార్యక్రమం) అర్హత వచ్చే మూడో ఏడాది దాకా ఉండేవాడు. కోచ్ నేర్పేవాడు, వాడు ఎదిగేవాడు. చాలా ఏళ్లపాటు బేస్‌బాల్ జట్టంతటికీ కలిపి 11.7 స్కాలర్‌షిప్‌లే ఇవ్వడానికి వీలుండేది. వాటిని ఇరవై ఏడు మంది దాకా ముక్కలుగా పంచేవారు. ఫీజులో సగమో పావో ఇస్తే చాలనుకుని వచ్చేవాళ్లు. 2025-26 నుంచి ఆ పరిమితి తీసేసి, జట్టులో 34 మంది ఉండొచ్చన్న నిబంధన పెట్టారు. దానికి తోడు ఇప్పుడు ఆటగాళ్లు తమ పేరు మీద డబ్బు సంపాదించుకోవచ్చు, ఏడాదికోసారి కాలేజీ మారిపోవచ్చు. కోచ్ వెళ్తే వెంట మంచి ఆటగాళ్లు కూడా వెళ్తున్నారు. అంటే కొత్త కోచ్‌ను తెస్తే సగం జట్టు వెంటనే తయారు. పాత కోచ్‌కు ఇంకో మూడేళ్లు ఇద్దామన్న ఓపిక ఇందులో మిగలదు.

2025లో ఎస్‌ఈసీలో అడుగుపెట్టిన మొదటి ఏడాదే ష్లాస్‌నాగల్ జట్టు ఆ లీగ్ రెగ్యులర్ సీజన్ గెలిచింది. దేశంలో రెండో సీడ్‌గా టోర్నమెంట్‌కు వెళ్లి, సొంత మైదానంలోనే శాన్ ఆంటోనియోలోని యూటీఎస్‌ఏ అనే వేరే యూనివర్సిటీ జట్టు చేతిలో రెండుసార్లు ఓడి ఆగిపోయింది. ఆ వారాంతం స్టేడియం బయట పార్కింగ్‌లో ఎవరూ మాట్లాడుకోలేదు. ఒకరిద్దరు అప్పుడే కోచ్‌ను మార్చాలన్నారు. ముందు ఆయనకు కొన్నేళ్లు ఇవ్వండి అనే నేను వాళ్లతో అన్నాను, మీతోనూ అంటాను. గరీడో రెండో ఏడాది ఓటములు చూసి పంపేసి ఉంటే 2002, 2005 టైటిల్స్ ఉండేవి కావు.

మళ్లీ ఆస్టిన్ వస్తే ఫిబ్రవరి మధ్య తర్వాత రండి, సీజన్ అప్పుడే మొదలవుతుంది. వారాంతం కన్నా మంగళవారం సాయంత్రం ఆట చూస్తే జనం తక్కువ, ముందు వరసల్లో కూర్చుని పిచ్చర్ చేయి దగ్గరగా చూడొచ్చు. ఆటకు ముందు ఐ-35 హైవేకు అటువైపు క్యాంపస్‌లో ఉన్న బాస్ కాన్సర్ట్ హాల్ దగ్గరికి మీ అబ్బాయిని తీసుకెళ్లండి. పాత క్లార్క్ ఫీల్డ్ ఉన్న చోటు అదే. గట్టు ఇప్పుడు లేదు గానీ, డిష్, ఫాల్క్ కలిపి యాభై ఏళ్లకు పైగా పిల్లలకు ఆట నేర్పిన నేల ఆ చుట్టుపక్కలే.